మోకాలి మార్పిడికి ముందు, తర్వాత కదలికను కొలవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్ల నుంచి మోకాలి ఆపరేషన్ కోసం చాలామంది విశాఖపట్నం వెళతారు. కొందరు శ్రీకాకుళంలోనో బరంపురంలోనో చేయించుకుంటారు. ఆపరేషన్ ఒక ఊళ్లో, ఆ తర్వాతి వ్యాయామం మరో ఊళ్లో జరుగుతుంది. ఫిజియోథెరపిస్టుగా నేను చూసేవారి చేతిలో ఎక్స్‌రే ఉంటుంది, మందుల చీటీ ఉంటుంది, డిశ్చార్జి కాగితం ఉంటుంది. ఆపరేషన్‌కు ముందు ఆ మనిషి ఎంత దూరం నడిచేవారో, కుర్చీలోంచి ఎలా లేచేవారో చెప్పే కాగితం మాత్రం అరుదుగా కనిపిస్తుంది. ఆ కాగితం ఎందుకు కావాలో, అందులో ఏం రాయాలో అడిగేవారి కోసం ఈ జవాబులు.

ఆపరేషన్ నొప్పి తగ్గడానికే కదా. నొప్పి పోతే చాలదా? నడకను విడిగా కొలవడం ఎందుకు?

చాలదు. నొప్పి తగ్గడం, పని చేయగలగడం ఒకే వేగంతో జరగవు.

కొత్త కీలు అమర్చాక అరిగిన ఎముకలు ఒరుసుకునే నొప్పి పోతుంది. కానీ అదే సమయంలో తొడ ముందు భాగంలోని పెద్ద కండరం బాగా బలహీనపడుతుంది. ఆపరేషన్ అయిన నెలకు కొలిస్తే దాని బలం, ముందు ఉన్నదాంట్లో సగం కూడా లేకపోవడం మామూలే. కుర్చీలోంచి లేవడానికి, మెట్లు ఎక్కడానికి, దిగేటప్పుడు మోకాలు ఒక్కసారిగా వంగిపోకుండా నిలబెట్టడానికి ఆ కండరమే ఆధారం.

దీనివల్ల ఒక వింత పరిస్థితి ఏర్పడుతుంది. నెల తర్వాత ‘ఎలా ఉంది?’ అని అడిగితే చాలామంది ముందుకన్నా నయమంటారు. అదే రోజు స్టాప్‌వాచ్ పట్టుకుని మెట్లు ఎక్కిస్తే ముందుకన్నా ఎక్కువ సమయం పడుతుంది. అధ్యయనాల్లో ఇది మళ్లీ మళ్లీ తేలింది. వారు చెప్పేది అబద్ధం కాదు. నొప్పి తగ్గిన ఊరటలో పని కూడా చేయగలుగుతున్నట్టే అనిపిస్తుంది. చిక్కు ఎక్కడంటే, ఆ ఊరటతోనే కొందరు రెండో నెలలో వ్యాయామం మానేస్తారు. కండరం మాత్రం ఇంకా కోలుకోలేదు. ఏడాది తర్వాత ‘నొప్పి లేదు గానీ మెట్లంటే భయం’ అంటూ వచ్చేవారిలో ఎక్కువ మంది కథ ఇదే. అందుకే నేను రెండూ కావాలంటాను: అడిగి తెలుసుకోవడమూ, చూసి కొలవడమూ.

కొలవాల్సింది ఆపరేషన్ తర్వాత కదా? ముందే ఎందుకు కొలవాలి?

ముందు కొలత లేకపోతే తర్వాతి కొలతకు అర్థం ఉండదు. మూడో నెలలో ఒకరు అర నిమిషంలో కుర్చీలోంచి తొమ్మిదిసార్లు లేచారనుకోండి. ఆపరేషన్‌కు ముందు నాలుగుసార్లే లేవగలిగిన మనిషికి అది గొప్ప మెరుగుదల. పన్నెండుసార్లు లేచిన మనిషికి అది ఇంకా పూడని లోటు. అంకె ఒకటే అయినా, ఒకరిని మెచ్చుకోవాలి, మరొకరి వ్యాయామాన్ని మార్చాలి.

రెండో కారణం కూడా ఉంది. ఆపరేషన్ నాటికి కదలిక బాగా దెబ్బతిన్నవారు తర్వాత మెరుగుపడతారు గానీ, కాస్త మెరుగైన స్థితిలో ఆపరేషన్ చేయించుకున్నవారి స్థాయిని సాధారణంగా అందుకోలేరు. ఈ సంగతి పాతికేళ్లుగా తెలిసిందే. కాబట్టి ఆపరేషన్ తేదీకి రెండు నుంచి నాలుగు వారాల ముందే కొలిస్తే బలహీనత ఎక్కడ ఉందో తెలుస్తుంది, ఆ రోజుల్లోనే తొడ కండరానికి వ్యాయామం మొదలుపెట్టవచ్చు. ఆపరేషన్‌కు ముందు రోజు సాయంత్రం ఆసుపత్రి వరండాలో హడావిడిగా కొలిచినా, అసలు కొలవకపోవడం కంటే నయమే.

ఏయే పరీక్షలు చేస్తారు?

కీళ్లవాతంపై పరిశోధన చేసే అంతర్జాతీయ సంఘం ఓఆర్సీ, 2013లో మోకాలు, తుంటి కీళ్లు అరిగినవారికి ఐదు పరీక్షలను సిఫారసు చేసింది. అందులో మూడు తప్పనిసరిగా చేయదగ్గవి, రెండు అదనం. ఏ ఒక్కదానికీ ఖరీదైన యంత్రం అక్కర్లేదు. చదునైన నేల, కుర్చీ, కొలత టేపు, స్టాప్‌వాచ్ ఉంటే మండల కేంద్రంలోని చిన్న గదిలోనూ చేయవచ్చు.

మొదటిది అర నిమిషం కుర్చీ పరీక్ష. చేతులు లేని కుర్చీ, కూర్చునే ఎత్తు సుమారు 43 సెంటీమీటర్లు. చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో పూర్తిగా లేచి నిలబడి మళ్లీ కూర్చోవడం ఎన్నిసార్లు చేయగలరో లెక్కపెడతారు. చేతులు ఆనించకుండా ఒక్కసారి కూడా లేవలేకపోతే లెక్క సున్నా. అప్పుడు చేతుల సాయంతో ఎన్నిసార్లు లేచారో విడిగా రాసుకుంటాం. నాకు అన్నింటికన్నా ఇష్టమైన పరీక్ష ఇదే. తొడ బలాన్ని ఇంత సులువుగా, ఇంత తక్కువ చోటులో చూపించేది మరొకటి లేదు.

రెండోది నలభై మీటర్ల వేగపు నడక. పది మీటర్ల దూరంలో రెండు గుర్తులు పెట్టి వాటి మధ్య నాలుగుసార్లు, పరుగెత్తకుండా వీలైనంత వేగంగా నడవాలి. మలుపు తిరిగే సమయాన్ని వదిలేసి నడక సమయాన్నే లెక్కిస్తారు. ఫలితాన్ని సెకనుకు ఇన్ని మీటర్లని రాస్తారు. చేతికర్ర, వాకర్ వాడవచ్చు. వాడిన సంగతి రాయాలి.

మూడోది మెట్ల పరీక్ష. ఒక వరస మెట్లు ఎక్కి దిగడానికి పట్టిన సమయాన్ని కొలుస్తారు. ఆసుపత్రికో రకం మెట్లు ఉంటాయి కాబట్టి ఎన్ని మెట్లు, ఒక్కో మెట్టు ఎంత ఎత్తు, కడ్డీ పట్టుకున్నారా లేదా, అడుగు మార్చి అడుగు వేశారా లేక ప్రతి మెట్టు మీదా రెండు కాళ్లూ కలిపారా అన్నది రాయకపోతే ఆ అంకె ఎందుకూ పనికిరాదు. విశాఖలో పన్నెండు మెట్లకు తీసిన సమయాన్ని ఇక్కడ తొమ్మిది మెట్ల సమయంతో పోల్చి సంతోషించిన సందర్భాలు ఉన్నాయి.

అదనపు పరీక్షల్లో ఒకటి లేచి నడిచి వచ్చే పరీక్ష. ఆసుపత్రి కాగితాల్లో టీయూజీ అని ఉంటుంది. చేతులున్న కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు మామూలు నడకతో వెళ్లి, తిరిగి వచ్చి కూర్చోవాలి. 1991 నుంచి వాడుకలో ఉంది. మరొకటి ఆరు నిమిషాల నడక. సాధారణంగా ముప్పై మీటర్ల వరండాలో ఇటూ అటూ నడిపించి, మొత్తం ఎన్ని మీటర్లు నడిచారో కొలుస్తారు. అలసిపోతే ఆగవచ్చు, గడియారం మాత్రం ఆగదు.

ప్రతి పరీక్షకు ముందు, తర్వాత నొప్పి సున్నా నుంచి పది వరకు ఎంత ఉందో కూడా అడగాలి. నొప్పి వల్ల ఆగారా, బలం చాలక ఆగారా అన్నది అప్పుడే తెలుస్తుంది.

ఎంత వస్తే మంచిదని అనుకోవాలి?

అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ వృద్ధుల కోసం ఇచ్చిన పట్టికలో, కుర్చీ పరీక్షలో 65 నుంచి 69 ఏళ్ల స్త్రీలు 11 కంటే, పురుషులు 12 కంటే తక్కువసార్లు లేస్తే సగటు కంటే తక్కువ అని లెక్క. 70 నుంచి 74 ఏళ్ల స్త్రీలకు ఆ గీత 10. టీయూజీలో 12 సెకన్లు, అంతకు మించి పడితే పడిపోయే ప్రమాదం ఉందని చూస్తారు. అరవైల్లో ఉన్న ఆరోగ్యవంతులు సుమారు 8 సెకన్లలో, డెబ్బైల్లో ఉన్నవారు 9 సెకన్లలో ముగిస్తారు.

ఇవి అక్కడివారి అంకెలు. మనవారి ఎత్తు, బరువు, పని, కుర్చీ అలవాటు వేరు. అందుకే నేను వాటిని పక్కన పెట్టుకుని చూస్తాను గానీ, వాటితో ఎవరినీ భయపెట్టను. మీ అంకెకు అసలైన పోలిక మీ పాత అంకెతోనే.

ఆ పోలికలోనూ ఒక జాగ్రత్త అవసరం. అదే మనిషిని రెండు రోజుల తేడాతో కొలిచినా అంకె కొంత అటూ ఇటూ అవుతుంది. కీలు మార్పిడి చేయించుకున్నవారిలో టీయూజీ సుమారు రెండున్నర సెకన్లు, ఆరు నిమిషాల నడక సుమారు 60 మీటర్లు మారితేనే అది నిజమైన మార్పు అని నమ్మవచ్చు. కుర్చీ పరీక్షలో రెండు మూడుసార్ల తేడా ఉండాలి. గత వారం కన్నా అర సెకను ఎక్కువ పట్టిందని రాత్రంతా నిద్రపోని పెద్దవారిని చూశాను. అర సెకను మార్పు కాదు.

ఆసుపత్రిలో ప్రశ్నల కాగితం కూడా ఇచ్చారు. అది దేనికి?

అది మీ మాటల్లో మీ స్థితిని అంకెగా మార్చే సాధనం. మోకాళ్లకు ఎక్కువగా వాడేవి మూడు. ఉమాక్‌లో 24 ప్రశ్నలు ఉంటాయి: నొప్పి మీద 5, బిగుతు మీద 2, రోజువారీ పనుల మీద 17. కూస్‌లో 42 ప్రశ్నలు, ఐదు విభాగాలు. ఆక్స్‌ఫర్డ్ మోకాలి స్కోరులో 12 ప్రశ్నలే ఉంటాయి, గడిచిన నాలుగు వారాల గురించి అడుగుతారు.

ఒక ముఖ్యమైన తేడా గుర్తుంచుకోండి. కూస్‌లో 100, ఆక్స్‌ఫర్డ్ కొత్త లెక్కలో 48 వస్తే చాలా బాగున్నట్టు. ఉమాక్ మామూలు లెక్కలో అంకె పెరిగితే ఇబ్బంది పెరిగినట్టు. ఏ కాగితమో చూడకుండా ‘స్కోరు తగ్గింది’ అని ఫోనులో చెబితే ఇంటిల్లిపాదీ కంగారు పడతారు.

ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదువుకున్నది ఒడియా. ఏ భాష కాగితం తీసుకోవాలి?

సరిహద్దులో ఈ ప్రశ్న చిన్నది కాదు. 1936లో ఒడిశా విడి రాష్ట్రమైనప్పటి నుంచీ ఇటు తెలుగు ఇళ్లలో పెద్ద తరం చాలామందికి మాట తెలుగు, బడి ఒడియా. అసలు బడికి వెళ్లనివారు, ముఖ్యంగా ఆడవారు, ఇంకా ఎక్కువ. విశాఖలో తెలుగు కాగితం చేతికిస్తే చదవలేరు. బరంపురంలో ఒడియా కాగితం ఇస్తే అక్షరాలు చదువుతారు గానీ ‘బిగుతు’కూ ‘నొప్పి’కీ తేడా తమ మాటలో చెబితేనే తెలుస్తుంది.

నా సలహా ఇది. కాగితం ఏ లిపిలో ఉన్నా, ఆ మనిషి ఇంట్లో మాట్లాడే భాషలో ఎవరైనా చదివి వినిపించాలి. ఎవరు చదివారో, ఏ భాషలో అడిగారో కాగితం మీద రాయాలి. ఆరు నెలల తర్వాత మళ్లీ అడిగేటప్పుడు అదే పద్ధతిలో, అదే భాషలో అడగాలి. మొదటిసారి ఒడియాలో తనే నింపి, రెండోసారి తెలుగులో కోడలు అడిగితే, వచ్చిన తేడా మోకాలిదో భాషదో చెప్పలేం.

చదివి వినిపించేవారికి ఒక విన్నపం: జవాబు మీరు చెప్పకండి. ‘మెట్లు దిగేటప్పుడు ఎంత కష్టం?’ అని అడిగితే తల్లి నోరు విప్పేలోగా కొడుకు ‘చాలా కష్టమండీ’ అంటాడు. లేదా ఆవిడే డాక్టరు మనసు నొప్పించకూడదని ‘పరవాలేదు బాబూ’ అంటారు. రెండూ కొలతను చెడగొడతాయి. కాసేపు ఆగండి. నిన్న మెట్లు దిగినప్పుడు ఎలా ఉందో గుర్తు చేసుకోమనండి.

ఉమాక్‌లో మేజోళ్లు తొడుక్కోవడం, విప్పడం గురించి రెండు ప్రశ్నలు ఉన్నాయి. కారు ఎక్కి దిగడం గురించి ఒకటి ఉంది. జీవితంలో మేజోళ్లు వేసుకోని మనిషిని ఇవి తికమకపెడతాయి. అలాంటప్పుడు ఇష్టం వచ్చినట్టు ప్రశ్న మార్చకూడదు, ఊహించి జవాబు రాయకూడదు. ఖాళీ వదిలి ‘వర్తించదు’ అని రాయండి. ఉదాహరణకు కూస్‌లో ఒక విభాగంలో కనీసం సగం ప్రశ్నలకు జవాబు ఉంటే లెక్క కట్టవచ్చు.

మాకు కావలసింది పీట మీద కూర్చోవడం, నేల మీది నుంచి లేవడం. ఈ పరీక్షలు వాటి గురించి అడగవేం?

న్యాయమైన ఫిర్యాదు. ఈ పరీక్షలు కుర్చీ, మంచం, కమోడ్ ఉన్న ఇళ్లను దృష్టిలో పెట్టుకుని పుట్టాయి. కూస్‌లో గొంతు కూర్చోవడం, మోకాళ్ల మీద కూర్చోవడం ఉన్నాయి గానీ అవి ఆటలు, వినోదం అన్న విభాగంలో ఉన్నాయి! మన దగ్గర అవి పూజ, వంట, పొలం, మరుగుదొడ్డి.

దీనికి ఒక మంచి మార్గం ఉంది. 1995 నుంచి వాడుకలో ఉన్న ఒక కొలమానంలో, ఇప్పుడు చేయలేకపోతున్న మూడు నుంచి ఐదు పనులను రోగి తనే ఎంచుకుంటారు. ఒక్కో పనికి సున్నా నుంచి పది వరకు మార్కు వేస్తారు. సున్నా అంటే అసలు చేయలేను, పది అంటే మోకాలు చెడక ముందులాగే చేయగలను. తర్వాత అవే పనులకు మళ్లీ మార్కు వేయిస్తారు. సరిహద్దు జిల్లాల్లో పనిచేసే ప్రతి ఫిజియోథెరపిస్టూ ఈ పనుల పంక్తులు తప్పకుండా రాయించాలన్నది నా పట్టుదల.

బరంపురం పట్టు నేసేవారిని తీసుకోండి. గుంట మగ్గం దగ్గర కాళ్లు గుంటలోకి వేలాడతాయి కాబట్టి కూర్చున్నాక మోకాలి వంపు కుర్చీలో ఉన్నంతే. కష్టమంతా నేల మట్టం నుంచి గుంట అంచు మీదికి దిగడంలో, తిరిగి లేవడంలో ఉంటుంది. ‘మగ్గంలో పని’ అని ఒక్క మాట రాస్తే ఈ సంగతి పోతుంది. ‘మగ్గం గుంటలోకి దిగడం’, ‘మూడు గంటలు తొక్కుడు కర్రలు తొక్కడం’ అని విడివిడిగా రాస్తే ఏది మెరుగుపడిందో తెలుస్తుంది. అదే ఊళ్లో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్రలో ఊరేగింపు వెంట నడవాలన్న కోరిక చెప్పేవారు ఉంటారు. తారాతారిణి కొండ మెట్లు ఎక్కాలనేవారూ ఉంటారు. అక్కడ ఉన్నవి 999 మెట్లు. పైకి రోడ్డూ రోప్‌వే కూడా ఉన్నాయి కాబట్టి అమ్మవారి దర్శనం ఒక లక్ష్యంగా, మెట్లెక్కడం మరో లక్ష్యంగా రాయిస్తే మంచిది.

ఈ పంక్తులు రాస్తున్నప్పుడే నిజం కూడా మాట్లాడుకోవాలి. మోకాలి మార్పిడి చేయించుకున్న ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు ఫలితంతో తృప్తి పడరు. ఆశించినదీ దక్కినదీ వేరు కావడం అందుకు ఒక పెద్ద కారణం. బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, గొంతు కూర్చోవడం మీకు అన్నింటికన్నా ముఖ్యమైతే ఆ మాట ఆపరేషన్‌కు ముందే సర్జన్‌తో చెప్పండి. చాలామందికి వాటికి తగినంత వంపు రాదు, కొందరికి వద్దని కూడా చెబుతారు.

మోకాలు ఎంత వంగాలి?

గోనియోమీటర్ అనే రెండు చేతుల కోణమానినితో కొలుస్తారు. కాలు పూర్తిగా చాపితే సున్నా. మామూలు నడకకు సుమారు 65 డిగ్రీల వంపు చాలు. మెట్లకు 85 నుంచి 100 వరకు, కుర్చీలోంచి సులువుగా లేవడానికి 95 నుంచి 105 వరకు కావాలి. గొంతు కూర్చోవాలంటే 130 దాటాలి. మార్పిడి చేసిన మోకాళ్లు ఎక్కువగా 110, 120 దగ్గర స్థిరపడతాయి. ఆపరేషన్‌కు ముందే బిగుసుకుపోయిన మోకాలు తర్వాత కూడా తక్కువే వంగే అవకాశం ఉంది. అందుకే ముందు కోణం తప్పక రాయాలి.

వంపు మీద అందరికీ ధ్యాస ఉంటుంది, చాపడం మీద ఉండదు. కాలు పది డిగ్రీలు ముడిచే ఉండిపోతే ప్రతి అడుగులోనూ తొడ కండరం అదనంగా శ్రమించాలి, నడక కుంటుగా మారుతుంది. హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకోవడం ఈ లోపాన్ని పెంచుతుంది. దిండు మడమ కింద ఉండాలి.

ఆరు వారాలు దాటినా వంపు 90 డిగ్రీలకు చేరకపోతే ‘ఇంకొన్నాళ్లు చూద్దాం’ అనుకోకుండా ఆపరేషన్ చేసిన సర్జన్‌కు చూపించండి. మత్తు ఇచ్చి మోకాలిని వంచి బిగుతు విడిపించే పద్ధతి ఉంది. అది మూడు నెలల్లోపు చేస్తే మేలు.

ఇంట్లో మేమే కొలవవచ్చా?

కుర్చీ పరీక్ష, టీయూజీ కొలవవచ్చు. పక్కన ఒక మనిషి తప్పనిసరిగా ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది కాబట్టి దాన్ని గోడకు ఆనించండి. నేల తడిగా ఉండకూడదు. వదులు చెప్పులు వద్దు, చీర కుచ్చిళ్లు గానీ పంచె గానీ కాళ్లకు అడ్డం పడకూడదు. టీయూజీకి మూడు మీటర్లు టేపుతో కొలిచి సుద్దముక్కతో గీత గీయండి, అది పది అడుగులకు కాస్త తక్కువ.

ప్రతిసారీ అదే కుర్చీ, అవే చెప్పులు, దాదాపు అదే వేళ. ఉదయం కొలిచినదాన్ని, సాయంత్రం వాపు ఎక్కాక కొలిచినదానితో పోల్చవద్దు. ఒకసారి అలవాటు కోసం చేయించి, ఆ తర్వాతి దాన్ని రాయండి. మెట్ల పరీక్ష, వేగపు నడక ఇంట్లో వద్దు.

నొప్పి మాత్ర వేసుకుని పరీక్షకు రావచ్చా?

రోజూ వేసుకునేదైతే వేసుకుని రండి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నారో చెప్పండి. తర్వాతిసారి కూడా అలాగే చేయండి. పరీక్షలో బాగా నడవాలని కొత్తగా మాత్ర కొనుక్కోవద్దు. పక్కనే ఉన్న ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎంతమందిని బాధిస్తోందో మనకు తెలుసు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రల్లో చాలా రకాలు కిడ్నీకి చెరుపు చేస్తాయి. అటువైపు బంధుత్వం, రాకపోకలు ఉన్నవారు ముందు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే పరీక్ష) చూపించుకుని, డాక్టరు చెప్పిన మాత్రే వాడాలి.

గుండె జబ్బు ఉన్నవారికి ఆరు నిమిషాల నడక చేయించవచ్చా?

గత నెల రోజుల్లో గుండెపోటు వచ్చినా, విశ్రాంతిలో ఉన్నప్పుడు కూడా ఛాతీ నొప్పి వస్తున్నా చేయించకూడదు. కూర్చున్నప్పుడే నాడి నిమిషానికి 120 దాటినా, రక్తపోటు పై అంకె 180 గానీ కింది అంకె 100 గానీ దాటినా ఆ రోజుకు ఆపేసి డాక్టరును అడగాలి. వారికి కుర్చీ పరీక్ష, టీయూజీ కూడా డాక్టరు సరేనన్న తర్వాతే.

నెల తర్వాత కొలిస్తే ఆపరేషన్‌కు ముందుకన్నా తగ్గింది. ఆపరేషన్ చెడిపోయిందా?

లేదు. మొదటి నెలలో తగ్గడమే సాధారణం. ఎక్కువ భాగం మెరుగుదల మొదటి పన్నెండు వారాల్లో వస్తుంది. ఆ తర్వాత ఆరో నెల వరకు నెమ్మదిగా పెరుగుతుంది, అక్కడి నుంచి పెద్దగా మారదు. అందుకే ఆరో వారం, మూడో నెల, ఆరో నెల, ఏడాది అన్న నాలుగు సందర్భాల్లో కొలవమంటారు. ఆరో వారంలో తగ్గి ఉంటే ఓపిక పట్టాలి, మూడో నెలకు కూడా పాత అంకె దాటకపోతే వ్యాయామం చాలడం లేదని అర్థం. కాలును మంచం మీద ఆడించడం దాటి, బరువుతో, మెట్టుతో, కుర్చీతో చేసే వ్యాయామాలకు ఎప్పుడో వెళ్లి ఉండాల్సింది.

మొదటి మూడు నెలలను మనవారు విశ్రాంతి కాలంగా గడపడం నన్ను బాధపెట్టే విషయం. బంధువులు వచ్చి ‘పెద్ద ఆపరేషన్, కదలకండి’ అంటారు. ప్రేమతోనే అంటారు. మెరుగుదలలో ఎక్కువ భాగం వచ్చే కాలం అదే.

రెండో మోకాలు కూడా అరిగింది. అప్పుడు కొలత ఎలా?

నడక, మెట్లు, కుర్చీ పరీక్షలు మనిషి మొత్తాన్ని కొలుస్తాయి, ఒక మోకాలిని కాదు. ఆపరేషన్ చేసిన కాలు బాగున్నా రెండోది నొప్పి పెడితే అంకె పెరగదు. దీనికి వ్యతిరేకంగా, కుర్చీలోంచి లేచేటప్పుడు బరువంతా మంచి కాలి మీద వేసి ఆపరేషన్ కాలును దాచేవారూ ఉంటారు. అంకె బాగుంటుంది, కండరం మాత్రం ఎదగదు. అందుకే వంపు, తొడ బలం, మోకాలి చిప్ప దగ్గర చుట్టుకొలత ఏ కాలికి ఆ కాలికి విడిగా రాయాలి. లేచేటప్పుడు ఎదురుగా నిలబడి ఫోనులో వీడియో తీస్తే ఒరిగే తీరు స్పష్టంగా కనిపిస్తుంది.

ఫోనులో అడుగుల లెక్క చూసుకుంటే సరిపోతుందా?

అది వేరే ప్రశ్నకు జవాబు. పరీక్ష మీరు ఎంత చేయగలరో చెబుతుంది, అడుగుల లెక్క మీరు నిజంగా ఎంత చేస్తున్నారో చెబుతుంది. ఆపరేషన్ తర్వాత నొప్పి తగ్గి, నడక వేగం పెరిగినా రోజువారీ తిరుగుడు చాలామందిలో పెద్దగా పెరగదని అధ్యయనాలు చెబుతున్నాయి. ఏళ్ల తరబడి కూర్చునే అలవాటు కీలు మార్చినంత మాత్రాన మారదు. ఆపరేషన్‌కు ముందు వారం రోజుల అడుగులు రాసిపెట్టుకోండి, ఆరో నెలలో మరో వారం రాయండి. ఫోను మంచం మీద వదిలేసి వంటింట్లో తిరిగితే లెక్కలోకి రాదు కాబట్టి నడుముకు కట్టుకునే సంచీలో పెట్టుకోవాలి.

ఆపరేషన్ విశాఖలో, వ్యాయామం గుణుపురంలో. ఏ కాగితం తెచ్చుకోవాలి?

ఒక్క పేజీ చాలు. పైన ఏ మోకాలు, ఆపరేషన్ తేదీ. కింద నిలువు గీతలతో ఐదు గడులు: ఆపరేషన్‌కు ముందు, ఆరు వారాలు, మూడు నెలలు, ఆరు నెలలు, ఏడాది. అడ్డంగా కుర్చీ పరీక్ష, టీయూజీ లేదా వేగపు నడక, మెట్లు, వంపు, చాపు, నొప్పి, ప్రశ్నాపత్రం పేరుతో సహా స్కోరు, మీరు ఎంచుకున్న పనులు. ప్రతి గడిలో చేతికర్ర వాడారా అన్నది. అంకెలు మామూలు 1, 2, 3 లలో రాయించండి. తెలుగు చదవలేని ఒడియా డాక్టరుకూ, ఒడియా చదవలేని తెలుగు డాక్టరుకూ అవి అర్థమవుతాయి. డిశ్చార్జి రోజు సర్జన్‌ను ఒక్క మాట తప్పకుండా అడిగి రాయించుకోండి: కాలి మీద పూర్తి బరువు ఎప్పటి నుంచి వేయవచ్చు? ఆ వాక్యం లేక ఇక్కడ వ్యాయామం వారాల తరబడి ఆగిపోయినవారు ఉన్నారు.

ఆ పేజీని ఫోనుతో ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి దగ్గర ఉంచండి.

ఏ మార్పు కనిపిస్తే కొలతలు పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి?

పిక్క వాచి, నొక్కితే నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండవచ్చు, అప్పుడు నిమిషం కూడా ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయండి. గాయం నుంచి చీము గానీ నీరు గానీ కారడం, జ్వరం, మోకాలు ఎర్రగా వేడెక్కడం ఇన్ఫెక్షన్ లక్షణాలు. అలాంటప్పుడు దగ్గరి దుకాణంలో యాంటీబయాటిక్ కొని మింగవద్దు, సర్జన్ చూడక ముందే మందు వేస్తే ఏ క్రిమి ఉందో పరీక్షలో దొరకడం కష్టమవుతుంది.

ఇంకొకటి, ఇది అంకెల్లోనే కనిపిస్తుంది. నెలల తరబడి పెరుగుతూ వచ్చిన నడక ఏ కారణమూ లేకుండా వరుసగా రెండు కొలతల్లో స్పష్టంగా తగ్గితే, నొప్పి లేకపోయినా ఎక్స్‌రే తీయించుకుని పాత ఎక్స్‌రేతో పాటు ఆపరేషన్ చేసిన చోటికే తీసుకెళ్లండి.